స్థానిక సంఘంలో బైబిల్ కౌన్సెలింగ్, కాపరి సంరక్షణ: ఒక సమీక్ష

సంఘం తన విశ్వాసులకు అందించే సేవలన్నింటిలో బయటికి అతి తక్కువగా కనబడేది కౌన్సెలింగ్. ప్రసంగం అందరూ వింటారు. పాటల పరిచర్య ఎలా సాగుతుందో అందరికీ తెలుసు. ఒక గదిలో ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడుకున్నది సరిగ్గా జరిగిందా లేదా అన్నది మాత్రం ఆ గది దాటి రాదు. అందుకే దీన్ని పరిశీలించి చూడాల్సిన అవసరం ఎక్కువ. ఏదో ఒక సంఘాన్ని తూచడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఈ సేవకు ఉండాల్సిన ఏర్పాటు ఏమిటి, అది ఎక్కడ మేలు చేస్తుంది, ఎక్కడ గాయపరుస్తుంది అన్నదే చూస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. బాగా నడిచే చోట దీనికి సాటి వచ్చే ఆదరణ దొరకడం కష్టం. చెడిపోయే చోట తప్పు సాధారణంగా వాక్యజ్ఞానం చాలక జరగదు. బైబిల్ తెరవకముందు సరిగ్గా వినకపోవడం వల్ల, కౌన్సెలింగ్ ముగిశాక మనిషిని పట్టించుకోకపోవడం వల్ల జరుగుతుంది.

ఈ పని కొత్తది కాదు. 1650లలో ఇంగ్లండులోని కిడర్‌మిన్‌స్టర్‌లో రిచర్డ్ బాక్స్టర్ అనే సంఘ కాపరి (పాస్టరు), ఆయన సహాయకుడు వారానికి రెండు రోజులు ఇందుకే కేటాయించారు. వారంలో 15, 16 కుటుంబాలతో విడివిడిగా మాట్లాడుతూ, 800కు పైగా కుటుంబాలను ఏడాదిలో ఒకసారి చుట్టి వచ్చేవారు. నేటి బైబిల్ కౌన్సెలింగ్‌కు ఊపునిచ్చింది 1970లో జే ఆడమ్స్ రాసిన పుస్తకం. మనుషుల లోతైన సమస్యలన్నీ నిపుణులకు అప్పగించి సంఘం చేతులు దులుపుకోకూడదని ఆయన వాదన. మందలించడానికి ఎక్కువ చోటిచ్చి, శ్రమపడుతున్నవారి బాధకు తగినంత చోటివ్వలేదన్న విమర్శ ఆ ధోరణి మీద వచ్చింది. ఆ తర్వాతి తరంలో డేవిడ్ పౌలిసన్ వంటివారు ఆ లోటు పూడ్చడానికి చాలా పని చేశారు. ఈ రెండు ధోరణులూ ఇప్పటికీ సంఘాల్లో ఉన్నాయి. మీ సంఘంలో ఉన్నది ఏదో తెలుసుకోకుండా ఆ గదిలోకి వెళ్లవద్దు.

తెలుసుకోవడానికి ఒక్క వచనం చాలు. మొదటి థెస్సలొనీకయులకు 5:14 ఇలా చెబుతుంది: అక్రమముగా నడుచుకొనువారికి బుద్ధి చెప్పుడి, ధైర్యము చెడినవారిని ధైర్యపరచుడి, బలహీనులకు ఊతనియ్యుడి, అందరియెడల దీర్ఘశాంతముగలవారై యుండుడి. ఇక్కడ ముగ్గురు మనుషులున్నారు, ముగ్గురికీ వేర్వేరు సహాయం ఉంది. బిడ్డను పోగొట్టుకుని లేవలేకపోతున్న తల్లికి బుద్ధి చెప్పడం మొదలుపెడితే ఆమె రెండోసారి ఆ గుమ్మం ఎక్కదు. భార్యను మోసం చేస్తూ పశ్చాత్తాపం లేని మనిషికి ఓదార్పు మాటలు చెబితే అతని పాపానికి కాపలా కాసినట్టే. ఎదుట కూర్చున్నవాడు ఈ ముగ్గురిలో ఎవరో తేల్చుకోవడమే కౌన్సెలర్ మొదటి పని. చాలాసార్లు ఒకే మనిషిలో ముగ్గురూ ఉంటారు, అప్పుడు ఏది ముందన్నది తేల్చుకోవాలి. మా దృష్టిలో ఈ సేవ నాణ్యతకు అసలు గీటురాయి ఇదే.

అది తేలాలంటే సమాచారం కావాలి, దానికి ఫారం కావాలి. మొదటి సమావేశానికి ముందే వివరాల ఫారం ఇచ్చి నింపించుకునే సంఘాన్ని నమ్మవచ్చు. మంచి ఫారంలో కుటుంబ వివరాలు, విశ్వాస నేపథ్యం, ఇంతకుముందు తీసుకున్న కౌన్సెలింగ్‌తో పాటు, రోజుకు ఎన్ని గంటల నిద్ర పడుతోంది, ఆకలి, బరువు ఎలా ఉన్నాయి, ఏ మందులు వాడుతున్నారు, చివరిసారి డాక్టర్ పరీక్ష ఎప్పుడు జరిగింది, మద్యం గానీ మత్తు గానీ అలవాటుందా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చాయా అన్నవి తప్పక ఉంటాయి. చివర్లో మూడు ప్రశ్నలుంటాయి: మీ సమస్య ఏమిటి? దాని గురించి ఇప్పటిదాకా ఏం చేశారు? మా నుంచి ఏం ఆశిస్తున్నారు? ఈ మూడింటికి రాసిన జవాబుల్లో సగం సంగతి బయటపడుతుంది. భర్త "ఆమెకు లోబడడం తెలియదు" అని రాసి, భార్య అదే ప్రశ్నకు "నాకు భయమేస్తోంది" అని రాస్తే, ఆ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకూడదని కౌన్సెలర్‌కు ముందే తెలుస్తుంది. ఫారం లేకుండా ఆరాధన ముగిశాక వరండాలో నిలబడి పది నిమిషాల్లో సలహా ఇచ్చే చోట ఇవేవీ తెలియవు. అప్పటికప్పుడు ప్రార్థన చేయడం మంచిదే, చేయాలి కూడా. దాన్ని కౌన్సెలింగ్ అనుకోవద్దు.

ఫారంతో పాటు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. ఇది వైద్యం కాదు, వాక్యం ఆధారంగా సంఘం ఇచ్చే సంరక్షణ అని అందులో స్పష్టంగా ఉండాలి. నోట్సు ఎవరి దగ్గర ఉంటుంది, శిక్షణ పొందుతున్నవారు పక్కన కూర్చుంటారా, సంఘ పెద్దలకు ఏ సంగతులు, ఎప్పుడు చెబుతారు, గోప్యత ఎక్కడ ఆగుతుంది అన్నవి కూడా రాసి ఉండాలి. ఎవరితోనూ ఏమీ చెప్పనని మాట ఇచ్చే కౌన్సెలర్ తాను నిలబెట్టుకోలేని మాట ఇస్తున్నాడు. బిడ్డ మీద అఘాయిత్యం జరిగినా, ప్రాణహాని ఉన్నా ఆ మాట తప్పక తీరదు. అప్పుడు ఆ విశ్వాసికి ఇంకెవరి మీదా నమ్మకం మిగలదు.

మొదటి సమావేశానికి గంట నుంచి గంటన్నర కేటాయించాలి, ఆ తర్వాతివి గంట చాలు. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది నుంచి పన్నెండు వారాల్లో చాలా సమస్యలకు ఒక దారి కనబడుతుంది. మొదటి గంటలో కౌన్సెలర్ ఎక్కువ మాట్లాడితే అది చెడు గుర్తు. సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచి సిగ్గునొందునని సామెతలు 18:13 చెబుతుంది. అడిగే ప్రశ్నలు అవును, కాదు అన్న జవాబుతో ఆగిపోయేవి కాకూడదు. "కోపం వచ్చిందా" అంటే "వచ్చింది" అంటారు, అంతే. "ఆ రాత్రి ఏం జరిగింది, మొదటి నుంచి చెప్పండి", "అప్పుడు మీ మనసులో ఏమనుకున్నారు", "ఏం కావాలని అనిపించింది" అని అడిగితే సంఘటన, ఆలోచన, కోరిక, చేసిన పని వరుసగా బయటికొస్తాయి. నరుని హృదయములోని ఆలోచన లోతు నీళ్ల వంటిదనీ, వివేకముగలవాడు దానిని పైకి చేదుకొనుననీ సామెతలు 20:5 అంటుంది. చేదడానికి సమయం పడుతుంది. మొదటి రోజు చేయాల్సిన మరో పని, వచ్చినవారు ఆశతో వెళ్లేలా చూడడం. అందుకు వాళ్ల పరిస్థితికి దగ్గరగా ఉన్న ఒక్క వాక్యభాగాన్ని నెమ్మదిగా చదివితే చాలు. పదిహేను వచనాల చీటీ చేతిలో పెడితే ఇంటికెళ్లాక ఒక్కటీ గుర్తుండదు.

శరీరం సంగతి పట్టించుకోని కౌన్సెలింగ్ బైబిల్‌కు నమ్మకంగా లేదన్నది మా గట్టి అభిప్రాయం. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, రెండుసార్లు లేపి తినిపించాడు. హోరేబు కొండ దగ్గర దేవుని ప్రశ్న ఆ తర్వాతే వచ్చింది. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బి12 లోపించినా, నిద్రలో ఊపిరి ఆగుతూ ఉన్నా నీరసం, దిగులు, ఏకాగ్రత లేకపోవడం వస్తాయి. అవి పైకి ఆత్మీయ చల్లదనంలా కనిపిస్తాయి. ప్రసవం తర్వాత వచ్చే తీవ్రమైన దిగులు కూడా అంతే. కాబట్టి వారాల తరబడి దిగులు, నిద్రలేమి ఉన్నవారిని మొదటి వారంలోనే డాక్టర్ దగ్గరికి పంపడం నియమంగా ఉండాలి. ఇంకెవరికీ వినిపించని స్వరాలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్రే లేకుండా ఉప్పొంగిపోతున్నా ఆలస్యం అసలు పనికిరాదు. మందులు మానేయమని కౌన్సెలర్ ఎప్పుడూ చెప్పకూడదు. దిగులుకు వాడే మందులను ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆందోళన మొదలవ్వవచ్చు, పాత జబ్బు తిరగబెట్టవచ్చు. "మందు మింగడం అవిశ్వాసం" అనే మాట ఆ గదిలో వినబడితే లేచి వచ్చేయండి.

చావు ఆలోచన గురించి సూటిగా అడగాలి. అడిగితే ఆలోచన కలుగుతుందేమోనన్న భయం చాలామందికి ఉంది, అది నిజం కాదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా? అందుకు కావలసినవి దగ్గర ఉన్నాయా? ఎప్పుడు అనుకున్నారు?" ఈ వరుసలో అడగాలి. ఒక పద్ధతి, అందుబాటులో ఉన్న సాధనం, అనుకున్న సమయం మూడూ ఉంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. కుటుంబాన్ని పిలిచి, ప్రమాదకరమైనవి దూరం చేయించి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు. ఈ క్రమం కాగితం మీద రాసి లేని కౌన్సెలింగ్ గది ఇంకా తెరవడానికి సిద్ధంగా లేదు.

హింస సంగతి వచ్చేసరికి మంచి సంఘాలు కూడా తప్పటడుగు వేస్తాయి. భర్త కొడుతున్న ఇంట్లో భార్యాభర్తలిద్దరినీ కలిపి కూర్చోబెట్టి దాంపత్య కౌన్సెలింగ్ చేయకూడదు. ఆమె నిజం చెబితే ఇంటికెళ్లాక దానికి శిక్ష పడుతుంది, చెప్పకపోతే కౌన్సెలర్ అబద్ధం మీద సలహా ఇస్తాడు. ఆమెతో విడిగా, ఒక స్త్రీ కౌన్సెలర్ మాట్లాడాలి. ముందు ఆమె, పిల్లల భద్రత చూడాలి: ఎక్కడికి వెళ్లగలదు, ఏ పత్రాలు దగ్గర ఉంచుకోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి. లోబడుట గురించిన వచనాలను ఈ స్థితిలో వాడడం వాక్యాన్ని దుర్వినియోగం చేయడమే. పిల్లల మీద లైంగిక దాడి అనుమానం వస్తే సంఘం సొంతంగా విచారణ జరపకూడదు. బిడ్డనూ నిందితుణ్నీ ఎదురెదురుగా నిలబెట్టకూడదు. చట్టప్రకారం అధికారులకు వెంటనే తెలపాలి. మత్తయి 18:15-17లోని మెట్లు (ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, చివరికి సంఘానికి చెప్పడం) సహోదరుని తప్పిదం గురించి చెప్పినవి, నేరాన్ని నాలుగు గోడల మధ్య దాచడానికి వాటిని అడ్డుపెట్టకూడదు. పరిపాలకులు నేరాన్ని శిక్షించేందుకు దేవుడు నియమించినవారని రోమా 13 చెబుతున్నప్పుడు పోలీసులకు తెలపడం అవిశ్వాసం ఎలా అవుతుంది? క్షమాపణ వేరు, తిరిగి కలిసి ఉండడం వేరు, నమ్మకం వేరు. మొదటిది బాధితురాలి హృదయంలో మొదలవ్వవచ్చు. మిగతా రెండింటికీ తప్పు చేసినవాడి పశ్చాత్తాపం చాలాకాలం పాటు పనుల్లో కనబడాలి. ఈ మూడింటినీ ఒకే రోజు అడిగే కాపరి తెలియకుండానే బలవంతుడి పక్షం వహిస్తున్నాడు.

హింస లేని మామూలు కుటుంబ తగాదాల్లో కూడా ఇద్దరినీ ముందు విడివిడిగా ఒకసారి వినడం మంచిది. మొదట చెప్పినవాని మాటే న్యాయంగా కనబడుతుందనీ, ఎదుటివాడు వచ్చాక సంగతి తేటపడుతుందనీ సామెతలు 18:17 హెచ్చరిస్తుంది.

ఇంటి పని ఇవ్వడం ఈ పద్ధతికి ఉన్న పెద్ద బలం. వారానికి 168 గంటలు, అందులో కౌన్సెలింగ్ ఒక్క గంట. మిగతా గంటల్లో ఏదీ మారకపోతే ఆ ఒక్క గంట వృథా. ఎఫెసీయులకు 4:22-32 ఈ పనికి ఆధారం: పాతది విడవడం, మనసు నూతనపడడం, కొత్తది ధరించడం. దొంగిలినవాడు దొంగతనం మానడంతో ఆగడు, కష్టపడి పనిచేసి అక్కరలో ఉన్నవానికి పెడతాడు. మానమని మాత్రమే చెప్పి, దాని చోట ఏం చేయాలో చెప్పని సలహా రెండు వారాలు కూడా నిలవదు. చింతతో ఉన్నవారికి ఫిలిప్పీయులకు 4:4-9 ఇచ్చి ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయించాలి: ఎప్పుడు, ఏం జరిగింది, ఏమనుకున్నాను, ఏం చేశాను. వారం రోజులు రాస్తే చింత ఏ వేళలో, దేని చుట్టూ తిరుగుతోందో రాసినవారికే కనబడుతుంది. అయిదో గడిగా, ఆ సంగతిని కృతజ్ఞతతో కలిపి దేవునికి చెప్పిన ఒక వాక్యం రెండో వారంలో చేర్చవచ్చు. పని ఒకటి, మహా అయితే రెండు ఉండాలి. రోజుకు పదిహేను ఇరవై నిమిషాలకు మించితే దిగులులో ఉన్నవారు చేయలేరు. చేయలేకపోయిన సిగ్గుతో తర్వాతి వారం రావడమే మానేస్తారు. తర్వాతి సమావేశంలో మొదటి పది నిమిషాలు ఆ నోటుబుక్కు చూడడానికే కేటాయించాలి. చూడకపోతే మూడో వారానికి ఎవరూ రాయరు, అందులో తప్పు రాయనివాళ్లది కాదు.

గోప్యత విషయంలో ఈ సేవ ఎక్కువగా చెడేది ప్రార్థన అంశాల రూపంలో. "ఫలానా సహోదరి కుటుంబం కోసం భారంగా ప్రార్థించండి, వివరాలు చెప్పలేను" అని ప్రార్థన గుంపులో ఒక్క మాట పడితే చాలు, సాయంత్రానికి వివరాలు అవే వస్తాయి. పేరు చెప్పకుండా ప్రసంగంలో ఉదాహరణగా వాడినా అంతే. రెండు మూడు వందల మంది ఉన్న సంఘంలో ఎవరి సంగతో ఊహించడం కష్టమేమీ కాదు. కౌన్సెలింగ్‌కు వచ్చినవారు పుల్పిట్ మీద తమ కథ వింటే, ఆ సంఘంలో ఇంకెవరూ నోరు విప్పరు. లిఖితపూర్వక అనుమతి లేకుండా ఏ సంగతీ గది దాటకూడదు. నోట్సులో తేదీ, చెప్పిన వాస్తవాలు, ఇచ్చిన వాక్యభాగం, ఇంటి పని ఉంటే చాలు. జబ్బుల పేర్లు, ఊహలు రాయకూడదు. తాళం వేసిన అల్మారాలో గానీ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్లో గానీ దాచాలి, ఫోన్ సందేశాల్లో పంపకూడదు. పురుషులకు పురుషులు, స్త్రీలకు స్త్రీలు కౌన్సెలింగ్ చేయాలి. తప్పనిసరైతే మూడో మనిషి గదిలో ఉండాలి. తలుపుకు అద్దం, భవనంలో ఇంకొకరు అన్నవి రెండు పక్షాలకూ రక్షణ.

ఆసుపత్రి పరామర్శ, దుఃఖంలో తోడు గురించి క్లుప్తంగా చెబుతాం. రోగి దగ్గర పది పదిహేను నిమిషాలు చాలు. చేతులు కడుక్కుని వెళ్లాలి, మంచం మీద కాకుండా కుర్చీలో కంటికెదురుగా కూర్చోవాలి, ప్రార్థించే ముందు అడగాలి, డాక్టర్ వస్తే బయటికి రావాలి. మరణం జరిగిన ఇంట్లో మొదటి వారం, దేవుణ్ని ప్రేమించేవారికి సమస్తం మేలుకే సమకూడి జరుగుతుందనే రోమా 8:28 చెప్పడం తొందర అవుతుంది. ఆ వచనం సత్యమే, ఏడ్చేవాళ్లకు అప్పుడు కావలసింది "ఎన్నాళ్లవరకు" అని అడిగే 13వ కీర్తన. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా అది బైబిల్లో ఉంది. ఇది తెలిసిన కాపరి ఎదుట మనుషులు స్వేచ్ఛగా ఏడుస్తారు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతవరకు మంచి పనే చేశారు. సంఘాలు సాధారణంగా విఫలమయ్యేది మూడో నెలలో. అంత్యక్రియల నాడు ఇల్లు నిండిపోతుంది, తర్వాత గుమ్మం తొక్కేవారుండరు. మూడో నెల, ఆరో నెల, మొదటి సంవత్సరీకం, పోయినవారి పుట్టినరోజు, ఈ తేదీలు క్యాలెండర్‌లో రాసుకుని ఒక మనిషికి అప్పగించే సంఘం నిజంగా కాపరి పని చేస్తున్నట్టు.

ఇదంతా ఒక్క పాస్టరు మోయలేడు. నిర్గమకాండము 18లో మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు తీరుస్తుంటే, ఈ పని మంచిది కాదు, నీవూ ఈ ప్రజలూ నలిగిపోతారని అతని మామ యిత్రో చెప్పాడు. వేయిమందికి, వందమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను ఏర్పాటు చేయించాడు. ప్రసంగాలు, పరిపాలన చూసుకునే పాస్టరు ఒకేసారి మూడు నాలుగు కేసులకు మించి తీసుకోకూడదని మా లెక్క. మిగతావి శిక్షణ పొందిన పెద్దలు, అనుభవమున్న స్త్రీలు పంచుకోవాలి. శిక్షణ అంటే వారాంతపు సెమినార్ ఒకటి సరిపోదు. 1976లో అమెరికాలో మొదలై నేడు ఏసీబీసీ (అసోసియేషన్ ఆఫ్ సర్టిఫైడ్ బిబ్లికల్ కౌన్సెలర్స్)గా పిలవబడుతున్న సంస్థ తన సర్టిఫికెట్‌కు 30 గంటల తరగతులు, 10 గంటల ప్రత్యక్ష పరిశీలన, రాతపరీక్షలు, పర్యవేక్షణ కింద 50 గంటల కౌన్సెలింగ్ అడుగుతుంది. ఆ సర్టిఫికెట్ వైద్యుల లైసెన్సుతో సమానం కాదు, అలా చెప్పుకోకూడదు కూడా. ప్రతి సంఘానికీ అదే సర్టిఫికెట్ ఉండాలని మేము అనం. పర్యవేక్షణ మాత్రం ఉండి తీరాలి. కౌన్సెలర్ తప్పు చేస్తే చెప్పే మనిషి లేని చోట ఆ తప్పు అలవాటుగా మారుతుంది.

బయటి కౌన్సెలర్ ఇవ్వలేనిది ఈ సేవలో ఒకటుంది. గంట ముగిశాక కూడా ఆ మనుషులు మీ జీవితంలోనే ఉంటారు. ఆదివారం పక్క వరుసలో కూర్చుంటారు, ఇంటికి వస్తారు, పిల్లలను చూసుకుంటారు. ఈ బలమే కొందరికి అడ్డం అవుతుంది. అందరికీ తెలిసిన కుటుంబం, పెద్దల బంధువులు, కౌన్సెలర్‌తో సొంత వ్యవహారాలు ఉన్నవారు మరో సంఘంలోని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం మేలు. మంచి పాస్టరు ఆ మాట తానే చెబుతాడు. వ్యసనాలు, తీవ్రమైన మానసిక వ్యాధులు, తిండి విషయంలో వచ్చే రుగ్మతలు ఉన్నవారికి వైద్యులతో కలిసి నడిచే సంఘం కావాలి, వైద్యులకు బదులు నిలబడే సంఘం కాదు.

చేరేముందు అడగాల్సినవి అడగండి: ఫారం, సమ్మతి పత్రం ఉన్నాయా, కౌన్సెలర్‌ను ఎవరు పర్యవేక్షిస్తారు, ఏ పరిస్థితిలో డాక్టర్ దగ్గరికి పంపుతారు, నచ్చకపోతే కౌన్సెలర్‌ను మార్చుకోవచ్చా, చివరి సమావేశం తర్వాత ఎవరు వెంట ఉంటారు. చివరి ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి పేరు, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత మళ్లీ కలిసే తేదీ చెప్పగలిగితే ఆ సేవలో చేరవచ్చు. అడిగినందుకు నొచ్చుకుంటే, ఇంకో సంఘం తలుపు తట్టండి.